అక్క నా చేతికి పెట్టిన దూది

అక్కా,

ఇక్కడ నేను బాగానే ఉన్నా. రోజూ అలవాటుకొద్దీ పెట్టే మెసేజ్ కాదిది. పొద్దున ఇక్కడి కాలేజీ నర్సమ్మ థర్మామీటరు పెట్టి చూసి జ్వరం లేదంది, అందుకే ధైర్యంగా రాస్తున్నా. అక్కడ నువ్వు, బావ, అమ్మ కులాసాగా ఉన్నారనుకుంటా. అనుకోవడమేంటి, ఉండాలి.

ఇది చాలా పెద్ద మెసేజ్. మధ్యలో ఆపేసి ఫోన్ చేయకు. ఫోన్లో నా నోరు పెగలదని నీకు తెలుసుగా. నువ్వు "చెప్పరా" అంటావు, నేను "ఆఁ" అంటా, నువ్వు "ఇంకేంట్రా" అంటావు, నేను "ఏం లేదు" అంటా, అయిపోతుంది. టైపు చేస్తే మాత్రం మాటలు ఎక్కడినుంచో వస్తాయి. తప్పులుంటే సర్దుకుని చదువుకో. ఏడో క్లాసులో బడి మానేసినోడి రాత ఇంతే ఉంటుంది.

ముందు ఒక పని చెప్తా, తర్వాత మిగతాది. రేపు పొద్దున్నే బావని తోడు తీసుకుని నువ్వు చూపించుకునే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళు. వెళ్ళేముందు ఫోన్ చేసి చెప్పు, నేరుగా వెళ్ళి అందరి మధ్యా కూర్చోకు, అక్కడ ఇంకా కడుపుతో ఉన్నవాళ్ళుంటారు అంది నర్సమ్మ. ఫోన్లో ఏం చెప్పాలంటే, "మా తమ్ముడు పనిచేసే హాస్టల్లో రుబెల్లా వచ్చింది. నేను పోయిన ఆదివారం అక్కడికి వెళ్ళొచ్చాను. నాకు మూడో నెల." అంతే. ఇంకేం వివరించక్కర్లేదు, ఆవిడకి అర్థమవుతుందట. రక్తం తీసి పరీక్షకి పంపిస్తారు. నీ ఒంట్లో ఆ జబ్బుని ఆపే శక్తి ముందే ఉందో లేదో అందులో తెలుస్తుందట.

భయపడకు అని రాద్దామనుకున్నా. కానీ నేనే భయపడుతూ నీకు చెప్పడం ఏం బాగుంటుంది. అందుకే రాయడం లేదు.

ఇప్పుడు నీ ప్రశ్నలు. నేను "ఈ ఆదివారం రావద్దు" అని ఒక్క ముక్క పంపినందుకు నువ్వు వరసపెట్టి పంపావు కదా, ఒక్కోటీ చెప్తా.

"నేనేం చేశాన్రా నీకు?" అన్నావు. నువ్వేం చేయలేదక్కా. చేసిందంతా నేనే.

"అన్నం తింటున్నావా?" తింటున్నా. ఇప్పుడు నాకు అన్నం తలుపు దగ్గరికొస్తుంది. వంటమాస్టరు ప్లేటు గుమ్మం బయట పెట్టి, తలుపు తన్ని, "దొరగారూ, భోజనం!" అని అరిచి మెట్లు దిగిపోతాడు. నన్ను మేడమీద ఖాళీ గదిలో ఉంచారు. విరిగిన మంచాలు, కుర్చీలు పడేసే గది. నాకూ ఒళ్ళు ఎర్రగా పేలింది, తగ్గింది కూడా. అది తర్వాత చెప్తా.

"పని పోయిందా?" తెలీదు. మాస్టరు అయితే "దిగిరా, నీ గిన్నెలు నీకోసం ఎదురుచూస్తున్నాయి" అన్నాడు. ఉన్నట్టే అనుకుంటా.

"ఎవరైనా అమ్మాయా?" అయ్యో అక్కా. ఇక్కడ అమ్మాయిలూ అబ్బాయిలూ ఒకే హాల్లో తింటారు. నేను వడ్డించేది ప్లేట్లకి, మొహాలకి కాదు. ఒకమ్మాయి రోజూ "కొంచెం చాలు" అంటుంది. ఆమె గాజుల చెయ్యి తప్ప ఏం చూసి ఎరగను. స్టూడెంట్లంతా నన్ను "సైలెంటు" అని పిలుస్తారు. సైలెంటుకి అమ్మాయేంటి.

సరే, మొదట్నుంచి చెప్తా. నాకే సరిగ్గా అర్థం కాలేదు, నీకెలా అర్థమయ్యేలా చెప్పాలో తెలీడం లేదు.

కాలేజీ తెరిచిన కొత్తలో నర్సమ్మ వచ్చింది. కాలేజీ ఆసుపత్రి గదిలో ఉండేది ఆవిడే. కొంచెం వయసావిడ, మాట గట్టిగా ఉంటుంది. భోజనాల హాల్లో బల్ల వేసుకుని, టీకా మందు ఐస్ డబ్బాలో పెట్టుకుని కూర్చుంది. తట్టుకీ రుబెల్లాకీ కలిపి ఒకటే టీకా అంట. చిన్నప్పుడు వేయించుకోని వాళ్ళు, ఒక్క డోసే వేయించుకుని రెండోది వదిలేసిన వాళ్ళు, వేయించుకున్నారో లేదో తెలీని వాళ్ళు, అందరూ రండి అంది. పొడుగన్న అని ఒకడున్నాడు, తల గుమ్మానికి తగలకుండా వంగి వచ్చేంత పొడుగు, సైన్సు చదువుతాడు. వాడు లేచి అడిగాడు.

"ఇది చంటిపిల్లల సూది కదండీ? పాలపీక కూడా ఇస్తారా?"

హాలంతా నవ్వింది.

"ఇస్తాను బాబూ, ముందు చెయ్యివ్వు" అంది నర్సమ్మ. ఇంకా గట్టిగా నవ్వారు. "చంటిపిల్లలప్పుడు తప్పించుకున్న వాళ్ళంతా పెరిగి పెద్దై ఇలాంటి చోట్లే పోగవుతారు. గదికి నలుగురు పడుకుంటారు, అందరూ ఒకే హాల్లో తింటారు, ఒకడు దగ్గితే పదిమంది పీలుస్తారు. జబ్బుకి ఇంతకంటే ఏం కావాలి?"

తర్వాత వంటింటి కిటికీలోకి తొంగిచూసి, "లోపల పనిచేసే వాళ్ళు కూడా రండమ్మా" అంది.

మాస్టరు వెళ్ళాడు. కూరలు తరిగే పెద్దమ్మ వెళ్ళింది. నేను వెళ్ళలేదక్కా. ఎందుకంటావా? నా చొక్కాకి పొడుగు చేతులు, బిగుతుగా ఉంటాయి, పైకి మడిస్తే భుజం దాకా రావు. సగం చొక్కా విప్పాలి. లైన్లో ఇటు ఏడుగురమ్మాయిలు, అటు ఎనిమిది మంది. లోపల బనియను చిరిగుంది. నేను వెళ్ళి ఉల్లిపాయల గదిలో బస్తాల వెనక కూర్చున్నా. నర్సమ్మ సామాను సర్దుకునే చప్పుడు వినపడేదాకా బయటికి రాలేదు. కళ్ళ నిండా నీళ్ళు. మాస్టరు చూసి "సూదికి ఏడ్చావట్రా?" అన్నాడు. ఉల్లిపాయలని చెప్పలేదు, ఆఁ అన్నా. సూది వేయించుకున్నాననే అనుకున్నాడు.

తర్వాత కొన్ని వారాలు ఏం లేదు. ఆ తర్వాత ఒకరిద్దరు స్టూడెంట్లు మొహం మీద ఎర్రటి పొక్కులతో వచ్చారు. మాస్టరు "తట్టు" అన్నాడు. పొడుగన్న "వేడి చేసింది" అన్నాడు. ఇంకెవరో "సబ్బు మార్చాడు" అన్నారు. ఎవరి మాట వాళ్ళది. ఆ మధ్యలోనే ఆదివారం నువ్వొచ్చావు.

నువ్వొచ్చిన రోజు నాకెంత బాగుందో చెప్పలేనక్కా. వంటింటి వెనక మెట్ల మీద కూర్చున్నాం. నువ్వు నా ప్లేట్లోనే తిన్నావు, "నువ్వు వండింది తినకుండా వెళ్తానా?" అన్నావు. నేను వండలేదు, గరిటె తిప్పానంతే, అయినా ఒప్పుకున్నా. తిన్నాక అటూ ఇటూ చూసి, చెవిలో చెప్పావు. "ఒరేయ్, నువ్వు మావయ్యవి అవుతున్నావురా." నాకేం మాట్లాడాలో తెలీక ప్లేటు కడిగేశా. కడిగిందే మళ్ళీ కడిగా. నువ్వు నవ్వావు.

బుధవారం రాత్రి భోజనాలప్పుడు నర్సమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి నవ్వలేదు. పొక్కులొచ్చిన వాళ్ళ రక్తం పరీక్షకి పంపితే రుబెల్లా అని తేలిందంట. తట్టు వేరు, రుబెల్లా వేరు అని చెప్పింది. తట్టు అయితే ఒళ్ళు కాలిపోయే జ్వరం, దగ్గు, కళ్ళు ఎర్రబడటం, ఒక్కోసారి ఊపిరితిత్తుల దాకా వెళ్తుంది, ప్రాణాలే పోవచ్చు. రుబెల్లా చూడ్డానికి చిన్నగా ఉంటుంది. కొంచెం జ్వరం, చెవుల వెనక గడ్డలు, మూడు రోజులు ఒళ్ళంతా ఎర్రగా. రెండు జబ్బులకీ ఒకే టీకా ఎలా సరిపోతుందో నాకు తెలీలేదు. రెండు తాళాలకీ ఒకే తాళంచెవి అనుకున్నా.

"మూడు రోజులేగా?" అన్నాడు పొడుగన్న. "దీనికింత గొడవెందుకండీ? పరీక్షలు కూడా ఎగ్గొట్టలేం."

"నీకు మూడు రోజులే" అంది నర్సమ్మ. "మీ ఇంట్లో తొలి నెలల గర్భిణి ఉండి, నీ నుంచి ఆమెకి అంటితే, కడుపులో బిడ్డకి జీవితాంతం."

ఆ తర్వాత ఆవిడ చెప్పింది రాయాలా వద్దా అని చాలాసేపు ఆగా. రాస్తున్నా, ఎందుకంటే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళకుండా నువ్వు "వీడికన్నీ అనుమానాలే" అనుకుంటావని. బిడ్డకి చూపు, వినికిడి, గుండె, వీటిలో ఏదైనా దెబ్బతినొచ్చట. అసలు కడుపే నిలవకపోవచ్చు కూడానట. అందరికీ అలా జరగదు, తల్లికి ముందే టీకా పడి ఉంటే చాలామటుకు ఏం కాదు అని కూడా అంది. ఆ రెండో మాట తర్వాత నేను బయట నిలబడి మళ్ళీ మళ్ళీ అనుకున్నా.

నా చేతిలో గరిటె కూర బకెట్లో పడిపోయింది. పట్టుకునే కొసతో సహా మునిగిపోయింది. "సైలెంటు సౌండు చేశాడ్రోయ్!" అని ఎవడో అరిచాడు.

"ఇంట్లో గర్భిణి ఉన్నవాళ్ళు చెయ్యెత్తండి" అంది నర్సమ్మ. ఇద్దరెత్తారు. నా చెయ్యి బకెట్లో ఉంది, గరిటె కోసం వెతుకుతోంది. తీయలేకపోయా. అంతమంది చూస్తారని.

రాత్రంతా ఏం తోచలేదు. పొద్దున మాస్టరుని మాటవరసకి అడిగినట్టు అడిగా, ఎవరికైనా ఇది వచ్చి తగ్గిపోతే చెప్పాలా అని. "తగ్గినదాన్ని ఎవడైనా తవ్వుకుంటాడట్రా? నోర్మూసుకో" అన్నాడు. పొడుగన్నని అడిగితే "చదివి చెప్తా ఆగు" అన్నాడు, ఫోన్లో చదివి, మొహం మార్చుకుని, "నువ్వు నర్సమ్మ దగ్గరికి పో" అన్నాడు. మధ్యాహ్నం గిన్నెలు వదిలేసి వెళ్ళా.

తలుపు దగ్గర నిలబడ్డా.

"ఏంటి బాబూ, తలనొప్పా?"

తల అడ్డంగా ఊపా.

"కడుపునొప్పా?"

మళ్ళీ ఊపా.

"నువ్వు చెప్పకపోతే నేను శరీరంలో ఉన్నవన్నీ వరసగా అడుగుతూ పోవాలి, సాయంత్రమవుతుంది."

అప్పుడు చెప్పా. ఎలా చెప్పానో తెలీదు. కాలర్ పక్కకి తీసి చూసింది, చెవుల వెనక నొక్కి చూసింది, రక్తం తీసింది. వారం దాకా ఎవరితోనూ కలవకుండా మేడమీద ఉండమంది. "మీ అక్కకి ఈరోజే చెప్పు. ఈరోజే" అంది. నేనొకటి అడిగా. ఆ టీకా మా అక్కకి పంపిస్తారా, డబ్బాలో ఐసు వేసి నేనే బస్సులో తీసుకెళ్తా అని.

"కడుపుతో ఉన్నవాళ్ళకి అది వేయకూడదమ్మా" అంది. "కాన్పయ్యాక వేయొచ్చు. ఇప్పుడు కాదు."

ఇక్కడే నాకు బుర్ర తిరిగిపోయిందక్కా. ఎవరికి అందరికంటే ఎక్కువ అవసరమో వాళ్ళకే వేయకూడదంట. వాళ్ళ చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వేయాలంట. అంటే ఆ రోజు ఉల్లిపాయల గది బయట నాకు వేస్తానన్నది నా సూది కాదు. నీ సూది. అది నాకెవరూ చెప్పలేదు. బహుశా చెప్పే ఉంటారు, నేను బస్తాల వెనక ఉన్నా.

ఈరోజే చెప్పమంటే నేను నీకేం పంపా? "ఈ ఆదివారం రావద్దు." అంతే పంపా. రెండు రోజులు అదే చూసుకుంటూ కూర్చున్నా. నీ ప్రశ్నలు టింగు టింగుమని వస్తుంటే ఫోను దిండు కింద పెట్టా.

ఇప్పుడు అసలుది రాయాలి. ఇందాకట్నుంచి దాని చుట్టూనే తిరుగుతున్నా, నీకు తెలిసిపోయే ఉంటుంది.

నాకు పేలింది నువ్వు వెళ్ళాక కాదక్కా. నువ్వొచ్చిన ఆదివారం పొద్దున్నే పేలింది. మొహం కడుక్కుంటుంటే మెడంతా ఎర్రగా ఉంది. అన్నం ఉడికే ఆవిరి దగ్గర నిలబడితే అప్పుడప్పుడూ అలా అవుతుంది, అదే అనుకున్నా. సగం అనుకున్నా. మిగతా సగం, ఇది ఆ స్టూడెంట్లకొచ్చినదే అని తెలుసు. కానీ మాస్టరుకి తెలిస్తే పొయ్యి దగ్గరికి రానివ్వడు, నువ్వొచ్చేసరికి నన్ను ఏ గదిలోనో పడేస్తారు, నువ్వు అంత దూరం నుంచొచ్చి కిటికీలోంచి చూసి వెళ్ళాలి. ఎన్ని నెలలకొచ్చావక్కా. అందుకని కాలర్ చొక్కా వేసుకుని పైదాకా గుండీలు పెట్టా. నువ్వు చూసి "ఏంట్రా, పెళ్ళికొడుకులా బిగించావు?" అన్నావు. నా తల నిమిరావు. చెవి వెనక నీ వేళ్ళు ఆగాయి. "ఇవేంట్రా గడ్డలు?" అన్నావు. "అలమర తగిలింది" అన్నా. నువ్వు ఊదావు. చిన్నప్పుడు దెబ్బ తగిలితే ఊదినట్టు, నా మొహం దగ్గర మొహం పెట్టి ఊదావు. ఒకే ప్లేట్లో తిన్నాం.

అప్పుడు నీకు నెల తప్పిన సంగతి నాకు తెలీదు. తిన్నాక చెప్పావు. ఈ జబ్బు బిడ్డకి మంచిది కాదని కూడా తెలీదు. ఇది సాకా, నిజమా అంటే నాకే తెలీడం లేదు. రెండూ అనుకుంటా.

ఈరోజు పొద్దున నర్సమ్మ పైకొచ్చింది. జ్వరం చూసింది, ఒళ్ళు చూసింది. "అక్కకి చెప్పావా?" అంది. నేను తల ఊపా.

"అది అవునా, కాదా? నీ తలకి రెండూ ఒకటే ఊపు."

"లేదు" అన్నా.

"చెప్పకపోతే ఆమెకి ఒరిగేది ఏమీ లేదు, పరీక్ష ఆలస్యమవడం తప్ప" అంది. కోప్పడలేదు, అదింకా కష్టంగా ఉంది. "చొక్కా విప్పు. జ్వరం పోయింది కదా, వేసేస్తా. రుబెల్లా వచ్చి పోయినా తట్టు ఇంకా రాలేదుగా, దానికైనా ఉండాలి. ఇంకో డోసు నెల తర్వాత."

విప్పా. బనియను చిరిగే ఉంది. ఆవిడ చూడనే లేదు. సూది గుచ్చి, తడి దూది పెట్టి "నొక్కి పట్టుకో" అంది. చల్లగా తగిలింది. అప్పుడు గుర్తొచ్చిందక్కా.

నీకు గుర్తుందా? బళ్ళో నేను రెండో క్లాసు, నువ్వు పెద్ద క్లాసులో. టీకాల వాళ్ళొచ్చారు. నేను నీళ్ళ తొట్టి వెనక దాక్కున్నా. నువ్వు వేయించుకునొచ్చి నన్ను వెతికి పట్టుకున్నావు. నేను ఏడుస్తుంటే నీ చేతి మీద దూది తీసి నా చేతికి అంటించావు. అది ఇంకా తడిగానే ఉంది. నా వేలు దాని మీద పెట్టి, "ఇలా నొక్కి పట్టుకో, ఏడుపు మొహం అలాగే ఉంచు" అన్నావు. బడి మాస్టారు అడిగితే "మా తమ్ముడికి అయిపోయింది సార్" అన్నావు. ఆయన నమ్మాడు. ఇంటికెళ్ళేదాకా నవ్వుకున్నాం. అమ్మకి కూడా చెప్పలేదు.

నర్సమ్మకి చెప్పా. ఆవిడ సూది పక్కన పెట్టి కూర్చుండిపోయింది. "అంటే మీ అక్కకి వేశారు. నీకు వేయలేదు."

"అది ఈ టీకానేనా?" అన్నా.

"కావచ్చు, కాకపోవచ్చు. ఆ రోజుల్లో బళ్ళలో ఇదీ వేశారు, వేరేవీ వేశారు. నీకు గుర్తుండక్కర్లేదు, ఆమెకీ గుర్తుండక్కర్లేదు. రక్తానికి గుర్తుంటుంది. పరీక్షకి వెళ్ళమను."

అందుకే ఇప్పుడు రాస్తున్నా అక్కా. ఇందాకటి దాకా నీకు చెప్పడానికి నా దగ్గర భయమొక్కటే ఉంది. ఇప్పుడు భయం పక్కన ఈ చిన్నది కూడా ఉంది. ఆ రోజు నువ్వు నా కోసం అబద్ధం చెప్పావు కానీ నీ చెయ్యి మాత్రం ముందు చాపావు. అది ఆ టీకానే అయితే, నా ఏడుపు మాన్పడానికి పరిగెత్తుకొచ్చిన ఆ చెయ్యే ఇప్పుడు నీ బిడ్డకి అడ్డుగా నిలబడి ఉంటుంది. కాకపోతే ఏం చేయాలో డాక్టరమ్మ చెప్తుంది. ఏది వచ్చినా నాకు చెప్పు. దాచకు. ఈ మాట నేననడం నవ్వొస్తుంది, అయినా.

బావకి, అమ్మకి ఇంకా టీకా పడకపోతే అడిగి వేయించుకోమను. నీకు వేయకూడనిది వాళ్ళకి వేయొచ్చు. బావ సూదంటే పారిపోతాడని నువ్వే అన్నావుగా. ఉల్లిపాయల గది సంగతి చెప్పు, సిగ్గుపడి వేయించుకుంటాడు.

నన్ను తిట్టాలనుకుంటే తిట్టు, మామూలుగా కాదు, గట్టిగా. నర్సమ్మ సరేననేదాకా నేను అక్కడికి రాను, నువ్వూ రావద్దు. ఈసారి రావద్దంటే ఎందుకో నీకు తెలుసు.

ఇది పంపాక నువ్వు చదివినట్టు నీలం గీతలు పడేదాకా చూసి నేనే ఫోన్ చేస్తా. నువ్వు ఎత్తు. నేను వెంటనే మాట్లాడకపోతే కట్ చేయకు. పెగులుతుంది. కొంచెం ఆగితే పెగులుతుంది.

ఇట్లు,
ఈసారి తన దూది తనే నొక్కి పట్టుకున్న
నీ తమ్ముడు